బోటులో నీళ్ల ట్యాంకు తుప్పు పట్టిందా? పూత వేయాలా, ప్లేటు మార్చాలా, ట్యాంకే తీసేయాలా

బోటులో వంట చేసే చోట కుళాయి తిప్పి, తెల్ల గిన్నెలో నీళ్లు పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున ఇటుకపొడి లాంటి మడ్డి దిగితే ట్యాంకులో తుప్పు ఈ ఏడాది మొదలైంది కాదు, బాగా ముదిరింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఆ రెండు నెలలూ ఇంజన్ విప్పడం, వల లాగే వించి బాగుచేయడం, అడుగు గీకి రంగు వేయడం, ఇవే పనులు. అన్నీ అయ్యాక, జూన్ మొదటివారంలో ఎవరికో నీళ్ల ట్యాంకు గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో వారం ఉంటుంది. ఆ వారంలో అయ్యే పని ఏదో చేసేసి, ఇంకో ఏడాది ఎర్రనీళ్లతోనే అన్నం వండుకుంటారు. ఎనిమిది మంది పదిహేను రోజుల వేటకి వెళ్తే 1,500 లీటర్ల ట్యాంకులో మనిషికి రోజుకి పన్నెండున్నర లీటర్లు వస్తాయి. తాగడం, వంట, ముఖం కడుక్కోవడం అన్నీ అందులోనే. మన కలాసీలు తాగే నీళ్లు కాబట్టి ఈ పనిని వించి కంటే తక్కువగా చూడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇక్కడ చెప్పేవి ఇనప ప్లేటుతో చేసిన మంచినీళ్ల ట్యాంకుల గురించి. బోటు ఇనపదైతే ట్యాంకు సాధారణంగా ఒంటిలోనే కలిసి ఉంటుంది, చెక్క బోటులోనో ఫైబర్ బోటులోనో అయితే విడిగా కట్టి దించి ఉంటుంది. ఈ తేడాని మొదట్లోనే గుర్తుపెట్టుకోండి, సగం నిర్ణయం దీని మీదే తేలుతుంది.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది "ఏ పూత మంచిది?" అనే అడుగుతారు. ముందు అడగాల్సింది "ఇనుము ఎంత మిగిలింది?" అని. పూత తుప్పుని ఆపుతుంది, పోయిన ఇనుముని తిరిగివ్వదు.

నాకు పని నేర్పిన మేస్త్రి ట్యాంకు దగ్గరికి రాగానే పెయింటు డబ్బా జోలికి వెళ్లేవారు కాదు. చిప్పింగ్ సుత్తి తీసుకుని అడుగు ప్లేటు మీద జానెడు దూరానికొకసారి కొట్టుకుంటూ పోయేవారు. "ఇను బాబూ, కంచం మీద కొట్టినట్టు మోగితే రేకుంది. అట్టపెట్టె మీద కొట్టినట్టుంటే అక్కడ తుప్పే ఉంది" అనేవారు. ఒకసారి ఒక విడి ట్యాంకులో, నల్లరంగుతో నిగనిగలాడుతున్న మూల దగ్గర సుత్తి మొన నేరుగా అవతలికి దిగిపోయింది. ఆ మూలని అంతకుముందు ఏడాదే రంగు వేసి "కొత్తది" చేశారు.

అయితే ఒక జాగ్రత్త. ట్యాంకు అడుగు ప్లేటే బోటు అడుగు ప్లేటు అయితే, బోటు నీటిమీద ఉండగా సుత్తి వాడకండి. బోటుని నీళ్లలోంచి పైకి లాగే ఏటవాలు గట్టు, అంటే స్లిప్‌వే, ఎక్కించాకే ఆ పని.

సుత్తి అనుమానం చెబుతుంది, లెక్క చెప్పేది ప్లేటు మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్. హార్బర్ చుట్టుపక్కల షిప్ రిపేర్ పనులు చేసేవాళ్లని అడిగితే గేజ్ పట్టుకుని వచ్చే మనిషి దొరుకుతాడు, సగం రోజు పని. ప్రతి ప్లేటుకి నాలుగు మూలలు, మధ్య, వెల్డింగ్ గీతల పక్కన కొలిపించండి. కొలకర్ర దింపే సౌండింగ్ పైపు కింద ప్లేటు తప్పకుండా చూపించండి. కర్ర మొన ప్రతిసారీ ఒకే చోట తగిలి అక్కడ గుంట పడుతుంది. నీళ్లు పూర్తిగా బయటికి రాని లోతు మూల రెండోది. మూడోది పైకప్పు లోపలి వైపు. అక్కడ నీళ్లు తగలవు, చెమ్మ పట్టి గాలి తగులుతూ ఉంటుంది, అందుకే అడుగు కంటే పైకప్పు ఎక్కువ తుప్పు పట్టిన ట్యాంకులు చాలా చూశాను. తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

నేను పెట్టుకున్న లెక్క ఇది. ప్లేటు మందంలో నాలుగో వంతు పోతే, అంటే 6 మి.మీ. ప్లేటు 4.5 మి.మీ.కి వచ్చిందంటే, పూత గురించి మాట్లాడను, ఆ ముక్క మార్చమంటాను. మిగతా ప్లేటు బాగుండి అక్కడక్కడా ఒంటరి గుంటలుంటే వెల్డింగ్‌తో పూడ్చి నున్నగా గ్రైండ్ చేయొచ్చు. గుంటలు గుంపులుగా, ఒకదానిలోంచి ఒకటి కలిసిపోయి ఉంటే అవి పూడ్చడం కంటే ప్లేటు కోయడమే తక్కువ పని.

ఇనుము సంగతి తేలాక అడగాల్సిన ప్రశ్నలు మరో నాలుగు. మనిషి లోపలికి దూరి అన్ని మూలలకీ చెయ్యి పెట్టగలడా? లోపల నీళ్లు ఊగకుండా పెట్టిన అడ్డు ప్లేట్లు ఉంటే ఒక్క మ్యాన్‌హోల్ సరిపోదు. చెయ్యి అందని మూలకి పూత అందదు, తుప్పు అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ముందు రెండో మ్యాన్‌హోల్ కోయాలి. బోటు స్లిప్‌వే మీద ఎన్ని రోజులు ఉంటుంది? ఆ ట్యాంకులో మీరు పోసేవి ఏ నీళ్లు? ఈ బోటుని ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారు?

మూత తీసి వెంటనే దిగొద్దు

పోలికలోకి వెళ్లేముందు ఇది చదవండి. ఏ పద్ధతి ఎంచుకున్నా మనిషి లోపలికి దిగాల్సిందే.

ఇనుము తుప్పు పట్టడమంటే గాలిలోని ఆక్సిజన్‌ని తినేయడమే. మూసి ఉన్న ట్యాంకులో అది వారాల తరబడి జరుగుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే అది దిగాల్సిన చోటు కాదు. వాసన రాదు, దగ్గు రాదు, కళ్లు మండవు. మోకాళ్లు వంగిపోతాయి, అంతే.

రెండు నెలలు మూసి ఉంచిన ట్యాంకులో, అడుగున పడిన బకెట్ తీయడానికని ఒక కుర్రాడు నడుము వరకు వంగాడు. చేతులు వేలాడిపోయాయి. కాళ్లు ఇంకా బయటే ఉన్నాయి కాబట్టి ఇద్దరం పట్టుకుని లాగేశాం. ఐదు నిమిషాలకి లేచి కూర్చుని "ఏమైంది?" అన్నాడు. పూర్తిగా దిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. ఇలాంటి చోట ఒకడు పడగానే కాపాడదామని రెండోవాడు దూకుతాడు, అతనూ పడతాడు.

అందుకని ఉన్న మూతలన్నీ తీసి, బ్లోయర్ గొట్టం అడుగు దాకా దించి, ఒక పూటంతా గాలి కొట్టండి. మీటరుతో ఆక్సిజన్ చూడండి. పని జరుగుతున్నంతసేపూ బ్లోయర్ ఆపకండి. మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి, అతనికి ఇంకో పని చెప్పకూడదు. లోపలి దీపం 24 వోల్టులదై ఉండాలి. చెమటతో తడిసిన ఒళ్లు, చుట్టూ ఇనుము, చేతిలో 230 వోల్టుల బల్బు, ఈ మూడూ కలవకూడదు.

పాత ట్యాంకులో నారింజ ఎరుపు ప్రైమర్ కనిపిస్తే అది రెడ్ లెడ్, అంటే సీసం, కావచ్చు. దాన్ని పొడిగా గ్రైండ్ చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకండి, మంచి మాస్కు వేసుకోండి, ఆ చెత్తని సంచిలో మూట కట్టి పక్కన పెట్టండి, జెట్టీ నుంచి నీళ్లలోకి ఊడ్చేయకండి.

ఒక్క చూపులో

| పద్ధతి | ఎలాంటి ట్యాంకుకి | లోపల ఎంత గీకాలి | నీళ్లు నింపే ముందు ఆగాల్సింది | ఖర్చు | ప్రధాన లోపం |
|---|---|---|---|---|---|
| సిమెంట్ పాలు | ప్లేటు గట్టిగా ఉండి పైపై తుప్పు ఉన్నది | పెచ్చులు పోయేదాకా వైర్ బ్రష్ | సుమారు వారం, తడిగా ఉంచుతూ | చాలా తక్కువ | అదురుకి పగులుతుంది, ఏటా చూడాలి |
| ఫుడ్‌గ్రేడ్ ఎపాక్సీ | ఒంటిలో కలిసిన ట్యాంకు, మందం బాగున్నది | బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి గీకడం), తెల్లగా ఇనుము కనిపించేదాకా | సుమారు 7 రోజులు, పొడిగా | ఎక్కువ | తేమ, తొందర రెండూ పడవు |
| లోపల ఫైబర్ లైనింగ్ | గుంటలు ఎక్కువ, చిల్లులు లేనిది | బ్లాస్టింగ్ | వారం పైన | ఎక్కువ | ఊడితే వెనకాల తుప్పు కనబడదు |
| ప్లేటు మార్చి ఎపాక్సీ | నాలుగో వంతు పైగా పోయినది | కోత, వెల్డింగ్, బ్లాస్టింగ్ | ఎపాక్సీ లాగే | బాగా ఎక్కువ | మంట ప్రమాదం, స్లిప్‌వే రోజులు |
| ప్లాస్టిక్ ట్యాంకులు | విడి ట్యాంకు కారుతున్న చెక్క, ఫైబర్ బోట్లకి | అక్కర్లేదు | వెంటనే | మధ్యస్థం | బరువు ఎక్కడ పెడతామన్నది చూడాలి |
| స్టెయిన్‌లెస్ ట్యాంకు | విడి ట్యాంకు, ఎక్కువ ఏళ్లు ఉంచుకునే బోటుకి | అక్కర్లేదు | వెంటనే | చాలా ఎక్కువ | వెల్డింగ్ సరిగా లేకపోతే గుంటలు |

ఏ ట్యాంకుకి ఏది తగదో ఈ పట్టికలో తెలుస్తుంది. తగినది ఎందుకు తగిందో కింద చదవండి.

సిమెంట్ పాలు

పాత పద్ధతి కదా అని తీసిపారేయకండి. సిమెంటులో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 పైన ఉంటుంది. ఆ క్షారం తగిలినంతకాలం ఇనుము మీద ఒక పలచని పొర ఏర్పడి తుప్పుని ఆపుతుంది. భవనాల కాంక్రీటులో ఇనప చువ్వలు నిలబడేది దీనివల్లే. పెయింటుకి ఉన్న పెద్ద శత్రువు తేమ, సిమెంటుకి ఆ తేమే కావాలి. జూన్ మొదటివారం దాకా మేల్కోని వాళ్లకి ఇది నిజంగా అక్కరకొచ్చే పద్ధతి.

ఊడే పెచ్చులన్నీ సుత్తితో రాల్చి, వైర్ బ్రష్ కొట్టి, మంచినీళ్లతో కడగాలి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుని మంచినీళ్లతో పలచని దోసె పిండిలా కలిపి, తడి ప్లేటు మీద కుంచెతో రుద్దుతూ మూడు నాలుగు పొరలు వేయాలి. కుంచెతో రాయడం కాదు, గుంటల్లోకి దిగేలా రుద్దాలి. సముద్రపు నీళ్లు, సముద్రపు ఇసుక దగ్గరికి రానివ్వకండి, అందులోని ఉప్పే మళ్లీ తుప్పు పుట్టిస్తుంది. మూత కప్పి, తడి గోనెలు లోపల వేలాడదీసి వారం రోజులు ఆరకుండా చూడాలి. మొదట నింపిన నీళ్లు రెండు మూడుసార్లు పారబోయండి. అవి నాలుకకి జారుడుగా, సున్నపు నీళ్లలా ఉంటాయి.

ఇంజన్ గోడకి ఆనుకుని అదిరే ట్యాంకుకి, పలచని రేకు ట్యాంకుకి ఇది నిలవదు. రేకు వంగిన ప్రతిసారీ సిమెంటు పొర పగులుతుంది. ఇంకోటి, మీరు ఆర్‌ఓ ప్లాంటు నుంచి ట్యాంకర్‌తో నీళ్లు తెప్పిస్తుంటే సిమెంటు పూత తొందరగా అరుగుతుంది. ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు తక్కువ, సిమెంటులోని సున్నాన్ని అవి కరిగించుకుంటాయి. బోరు నీళ్లో కుళాయి నీళ్లో పోసేవాళ్లకి ఈ బాధ తక్కువ.

ఫుడ్‌గ్రేడ్ ఎపాక్సీ

ఇది రెండు భాగాలు కలిపి వేసే పూత. ప్లేటు బాగుండి, నెల రోజుల సమయం ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే. కానీ ఇది సరిగ్గా చేస్తేనే ఎపాక్సీ. సగం చేస్తే సిమెంటు కంటే అధ్వాన్నం, ఎందుకంటే పొక్కు కింద తుప్పు నాలుగేళ్లు కనబడకుండా తింటుంది.

డబ్బా మీద "ఎపాక్సీ" అని ఉంటే చాలదు. తాగేనీటికి పనికొస్తుందన్న కాగితం కావాలి. మన దేశంలో చాలా కంపెనీలు మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ పరీక్ష సర్టిఫికెట్ చూపిస్తాయి. బయటి దేశాల సరుకైతే తాగేనీటి ప్రమాణాలైన బీఎస్ 6920 లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ 61 అని ఉంటుంది. ఆ కాగితం మీద ఉన్న పేరూ డబ్బా మీద ఉన్న పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా చూసుకోండి. సాల్వెంట్, అంటే థిన్నర్ లాంటి ద్రావకం, లేని రకం తీసుకోండి. "కొంచెం గట్టిగా ఉంది, థిన్నర్ పోద్దాం" అని పెయింటర్ అంటే ఆ డబ్బా తీసుకుని పక్కన పెట్టేయండి. మూసిన ట్యాంకులో థిన్నర్ పూర్తిగా ఎగిరిపోదు, పొరలో ఇరుక్కుని నెలల తరబడి నీళ్లలోకి దిగుతుంది. మామూలు డెక్ ఎపాక్సీ కొట్టిన ఒక బోటు వేటకి వెళ్లి మూడో రోజే వెనక్కి వచ్చింది. అన్నం నోట్లో పెట్టుకోలేకపోయారు. డీజిల్, ఐసు, రోజులు అన్నీ పోయాయి.

ఇనుముని ఎంత శుభ్రం చేశారన్నదే పూత ఆయుష్షు. ఇలాంటి పూతలకి సాధారణంగా అడిగేది ఐఎస్‌ఓ 8501-1 ప్రకారం ఎస్‌ఏ 2½, అంటే దాదాపు తెల్ల ఇనుము. గ్రైండర్, వైర్ బ్రష్‌తో ఆ స్థాయి రాదు. గుంటల అడుగున నల్లటి తుప్పు మిగిలిపోతుంది. గ్రిట్ బ్లాస్టింగ్ చేయించండి, రాగి తయారీలో మిగిలే గరుకు చిట్టెం, అంటే కాపర్ స్లాగ్‌తో. ఇసుకతో మాత్రం వద్దు, ఆ దుమ్ము పీల్చిన మనిషికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, దానికి మందు లేదు. బ్లాస్టింగ్‌కి ముందు మంచినీళ్లతో బాగా కడగాలి. ఉప్పు ఉన్న ప్లేటుని బ్లాస్ట్ చేస్తే ఉప్పుని లోపలికి గుచ్చినట్టే. వాడిగా ఉన్న అంచులన్నీ గుండ్రంగా గ్రైండ్ చేయాలి, వాడి అంచు మీద పెయింటు నిలవక పలచబడుతుంది.

మన తీరంలో ఈ పని చెడేది ఎక్కువగా తేమ దగ్గర. చల్లటి నీళ్ల గ్లాసు మీద చెమట పట్టినట్టే ప్లేటు మీద కూడా కంటికి కనబడని తేమ పడుతుంది. అది మొదలయ్యే ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. పూత వేసేటప్పుడు ప్లేటు దానికంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. మే నెలలో గాలి 34 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకోండి, డ్యూ పాయింట్ 28 దగ్గర ఉంటుంది. అంటే ప్లేటు 31 ఉండాలి. బోటు నీటిమీద ఉంటే అడుగు ప్లేటు సముద్రపు నీటి చలువకే ఉంటుంది, 29, 30 కంటే ఎక్కడం కష్టం. పైనంతా చక్కగా పట్టిన పెయింటు అడుగు మాత్రమే పొరలుగా లేచిపోయింది అంటే కారణం ఇదే కావచ్చు. అందుకే స్లిప్‌వే మీద, ఎండ ఎక్కాక, ఉదయం పది దాటాక పూత మొదలుపెట్టండి. బ్లాస్ట్ చేసిన ఇనుము సముద్రపు గాలికి గంటల్లోనే గోధుమ రంగుకి తిరుగుతుంది. పొద్దున్న బ్లాస్టింగ్, మధ్యాహ్నం మొదటి పొర. రేపటికి వదలొద్దు.

ఎండ ఎక్కాక ఇంకో చిక్కు వస్తుంది. సాల్వెంట్ లేని ఎపాక్సీ కలిపాక ఎంతసేపు పనికొస్తుందో డబ్బా మీద రాసేది సాధారణంగా 20, 25 డిగ్రీల లెక్క. పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగం అవుతుంది. కాబట్టి ఒక మనిషి పావుగంటలో రాయగలిగినంతే కలపండి, కలిపిన వెంటనే డబ్బాలోంచి వెడల్పు ట్రేలోకి వంచండి. డబ్బాలో కుప్పగా ఉంటే అది తన వేడికి తానే ఉడికి గడ్డకడుతుంది.

ఎంత కావాలో లెక్క వేద్దాం. ఒకటిన్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న ట్యాంకు 1,500 లీటర్లది. లోపలి వైపు మొత్తం 8 చదరపు మీటర్లు. 400 మైక్రాన్ల, అంటే 0.4 మి.మీ. మందం, పూతకి కాగితం మీద 3.2 లీటర్లు వస్తుంది. గుంటలు, అడ్డు ప్లేట్లకి రెండు వైపులా, ట్రేలో మిగిలేది అన్నీ కలిపితే 5 లీటర్లకి తగ్గకుండా కొనాలి. ముందు వెల్డింగ్ గీతలకీ అంచులకీ సన్న కుంచెతో ఒక పట్టీ వేయండి, తర్వాత మొత్తం రెండు పొరలు. మొదటి పొర మీద జిడ్డులాంటి పొర తేలితే మంచినీళ్లతో తుడిచి, ఆరనిచ్చి రెండోది వేయండి. రెండో పొరకి ఎంత గడువు ఉందో డబ్బా మీద ఉంటుంది, అది దాటితే గరుకుకాగితం రుద్దాల్సి వస్తుంది.

లోపల ఫైబర్ లైనింగ్

హార్బర్‌లో ఫైబర్ పనివాళ్లు దొరుకుతారు కాబట్టి చాలామంది దీనికి మొగ్గుతారు. గుంటలు పడ్డ ప్లేటుకి గ్లాస్ మ్యాట్ (గాజు నారతో చేసిన పరుపు) మంచి బలమే ఇస్తుంది, ఎపాక్సీ రెసిన్‌తో వేస్తే. మామూలు పాలిస్టర్ రెసిన్ ఇనుముని గట్టిగా పట్టుకోదు, పైగా అందులోని స్టైరీన్ వాసన నీళ్లలోకి వస్తుంది. చెక్క బోటుకి ఫైబర్ వేసే పనివాడు అదే రెసిన్ తెచ్చి ట్యాంకులో వేస్తాడు, తప్పు అతనిది కాదు, మనం చెప్పకపోవడమే. బ్లాస్టింగ్ దీనికీ కావాలి. ఇనుమూ ఫైబరూ వేడికి ఒకేలా పెరగవు, కాబట్టి పట్టు చాలకపోతే అట్టలా ఊడి వెనకాల నీళ్లు నిలుస్తాయి. చిల్లు పడిన బోటు అడుగుని లోపలి నుంచి ఫైబర్‌తో మూసి సముద్రానికి పంపకండి.

అసలు వాడకూడనివి

తారు కలిసిన ఎపాక్సీ బోటు అడుగుకి బాగుంటుంది, తాగేనీటి ట్యాంకులోకి రాకూడదు. అందులోని కోల్‌తార్‌లో క్యాన్సర్ కలిగించే పదార్థాలున్నాయి. రెడ్ లెడ్, జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్లు, ఎనామెల్, ఇంటి గేట్లకి వేసే తుప్పు మార్పిడి ద్రావణం కూడా వద్దు. ట్యాంకు లోపల జింక్ ముక్క వేలాడదీస్తే తుప్పు ఆగుతుందని కొందరంటారు. ఉప్పునీటిలో అది పనిచేస్తుంది, మంచినీరు కరెంటుని సరిగా మోయదు కాబట్టి ఇక్కడ పెద్దగా ఉపయోగం లేదు.

ప్లేటు మార్చడం

పోయిన ప్లేటు మీద కొత్త ప్లేటు అతికించి చుట్టూ వెల్డ్ చేయడం తేలికే. రెండిటి మధ్య చిక్కిన తేమ మాత్రం లోపల్లోపల తింటూనే ఉంటుంది, పైగా పలచబడ్డ ప్లేటు మీద వెల్డ్ పెడితే అది కాలిపోయి ఇంకో చిల్లు పడుతుంది. మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అదే మందం ముక్క కూర్చి వెల్డ్ చేయించండి. మూలలు గుండ్రంగా కోయాలి.

నిప్పు రాజేసేముందు ట్యాంకు గోడ అవతల ఏముందో చెయ్యి పెట్టి చూడండి. చేపలు పెట్టే గది అయితే గోడకి ఫోమ్ ఉంటుంది, అది అంటుకుంటే మంట కంటే పొగ ముందు ప్రాణం తీస్తుంది. ఆ ఫోమ్‌ని వెల్డింగ్ చోటు నుంచి రెండు జానలు కోసి తీసేయాలి. డీజిల్ ట్యాంకు అయితే దాన్ని ఖాళీ చేసి, కడిగి, గ్యాస్ లేదని మీటరుతో చూశాకే. డీజిల్ ట్యాంకూ నీళ్ల ట్యాంకూ ఒకే గోడ పంచుకునేలా బోటు కట్టి ఉంటే, ఎంత మంచి పూత వేసినా ఆ నీళ్లు తాగొద్దని చెబుతాను. ఆ గోడలో సూదిబెజ్జం చాలు.

ట్యాంకే మార్చేయాలనుకుంటే

చెక్క బోటులో విడి ఇనప ట్యాంకు కారుతుంటే పూతకి డబ్బు పెట్టకండి. ముక్కలుగా కోసి బయటికి తీసేయండి. డెక్ వేయకముందే దించిన ట్యాంకు కాబట్టి నిండుగా రాదు. తర్వాత ప్లాస్టిక్కా, స్టెయిన్‌లెస్సా అన్నది ప్రశ్న.

ప్లాస్టిక్ అంటే ఇళ్ల మీద పెట్టే పాలిథిలీన్ ట్యాంకులు, ఐఎస్ 12701 గుర్తు ఉన్నవి. తుప్పు లేదు, ధర అందుబాటులో ఉంటుంది, పాడైతే మర్నాడు ఇంకోటి తెచ్చుకోవచ్చు. కానీ అవి కదలని మేడ మీద నిలబడటానికి చేసినవి. బోటు ఊగుతుంటే లోపల నీళ్లు గోడలకి కొడతాయి, పైపు జాయింటు దగ్గర పగులు వస్తుంది. అందుకని వెయ్యి లీటర్లది ఒకటి కాకుండా 200, 300 లీటర్లవి నాలుగైదు తీసుకోండి. ఒక్కోటి నిండా నింపి, ఒకటి అయిపోయాకే రెండోది తెరవండి. చెక్కతో ఒరలు కట్టి బెల్టులతో బిగించండి.

అన్నిటికంటే ముఖ్యం, అవి ఎక్కడ పెడుతున్నారన్నది. అడుగున ఉన్న పాత ట్యాంకు బోటుకి బరువుగా, నిలకడగా పనికొచ్చింది. దాన్ని తీసేసి 1,500 లీటర్లని, అంటే ఒకటిన్నర టన్నులని, డెక్ మీద పెడితే బోటు ఒరిగినప్పుడు తిరిగి లేచే బలం తగ్గుతుంది. డెక్ మీద ఇప్పటికే వలలు, ఐసు ఉంటాయి. సాధ్యమైనంతవరకు పాత ట్యాంకు ఉన్న చోటే దించండి. రసాయనాలు నింపి అమ్మిన నీలం డ్రమ్ములు ఎంత కడిగినా మంచినీళ్లకి వాడొద్దు. ప్లాస్టిక్ ఆ వాసనని పీల్చుకుని ఉంటుంది.

స్టెయిన్‌లెస్ అయితే 316 రకం. 304 వంటగదిలో బాగుంటుంది, ఉప్పుగాలిలో, కొంచెం ఉప్పు కలిసిన నీళ్లలో గుంటలు పడుతుంది. వెల్డింగ్ చుట్టూ వచ్చే నీలి, గోధుమ రంగుని పికిలింగ్ పేస్టుతో (ఆమ్లం కలిసిన ముద్ద) తీయించాలి, తుప్పు మొదలయ్యేది ఆ రంగు దగ్గరే. మామూలు ఇనుముని కోసిన గ్రైండర్ చక్రం దీనికి వాడనివ్వకండి. బోటు ఇనుము మీద కూర్చోబెట్టే చోట రబ్బరు పలక వేయండి.

మడిచి లోపల పరిచే సంచి ట్యాంకులూ ఉన్నాయి. పెచ్చులు లేచిన ఇనప గోడ, అడ్డు ప్లేటు అంచు వాటిని రాసి చింపుతాయి. విహార పడవకి సరే, వేట బోటుకి నేను చెప్పను.

మీ పరిస్థితికి ఏది

ఇనప బోటు, సొంతం, ఇంకో పదేళ్లు తిప్పాలి అనుకుంటే మొదటి వారంలోనే గేజ్ పెట్టించి, పోయిన ముక్కలు మార్పించి, స్లిప్‌వే మీద బ్లాస్టింగ్, ఎపాక్సీ చేయించండి. బోటు ఖర్చుల్లో ఒక్కసారి బాధించే ఖర్చు ఇది.

ఈ ఏడాది వేట కలిసిరాక చేతిలో డబ్బు లేదు, ప్లేటు మాత్రం మోగుతోంది అంటే సిమెంటు పాలు వేయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. చవక ఎపాక్సీని వైర్ బ్రష్ మీద కొట్టడం కంటే ఇది వంద రెట్లు మేలు. వచ్చే నిషేధంలో తట్టి చూసి, బోలుగా మోగిన చోట గీకి మళ్లీ వేయండి.

చెక్క, ఫైబర్ బోట్లవాళ్లకి ట్యాంకు మార్పే. ప్లాస్టిక్‌తో మొదలుపెట్టండి, అడుగున పట్టే కొలతలో దొరక్కపోతే స్టెయిన్‌లెస్‌తో కొలతకి చేయించుకోండి.

"మేం తాగడానికి 20 లీటర్ల క్యాన్లు పట్టుకెళ్తాం, ట్యాంకు నీళ్లు వంటకే" అనేవాళ్లున్నారు. అన్నం, పులుసు ఆ నీళ్లతోనే కదా. క్యాన్లు అయిపోయిన పదకొండో రోజున తాగేదీ ఆ నీళ్లే. తాగేనీటి లెక్కలోనే చూడండి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే చిన్న బోటుకైతే ట్యాంకు ఖాళీ చేసి వదిలేయండి, క్యాన్లు చాలు.

61 రోజుల్లో ఎలా పట్టించాలి

ఎపాక్సీ దారిలో వెళ్లేవాళ్లు ఏప్రిల్ నెలాఖరులోపే ట్యాంకు ఖాళీ చేయడం, గాలి కొట్టడం, కొలవడం అయిపోవాలి. స్లిప్‌వేకి వరుస పెద్దది, పేరు ముందే ఇవ్వాలి. మే రెండో వారానికి కోత, వెల్డింగ్. పూత వేశాక వెల్డింగ్ గుర్తొస్తే మొత్తం మళ్లీ మొదటికే. మే మూడో వారంలో బ్లాస్టింగ్, పూత. తర్వాత రెండు మూతలూ తీసి, ఫ్యాన్ పెట్టి ఏడు రోజులు. పైన గట్టిపడిందని గోరుతో గీకి చూసి నింపేయకండి, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

నింపి, ఒక రోజు ఉంచి, పారబోయండి. రెండుసార్లు. తర్వాత బ్లీచింగ్‌తో శుద్ధి. 1,500 లీటర్లకి 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ పావు కిలో, అంటే లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్. బకెట్‌లో కలిపి, తేరిన పై నీళ్లు మాత్రమే పోయండి, అడుగు సున్నం పోయొద్దు. ప్రతి కుళాయిలోనూ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచి, పూర్తిగా వదిలేసి, మంచినీళ్లతో కడగండి. చివరిగా నింపాక ఒక గాజు సీసాలో ట్యాంకు నీళ్లు, ఇంకో సీసాలో ట్యాంకులో పోయకముందు నీళ్లు పట్టి మూత పెట్టి ఎండలో గంట ఉంచండి. రెండూ తీసి వాసన చూడండి. తేడా ఉంటే వేటకి వెళ్లొద్దు, ఇంకో వారం ఆరనిచ్చి మళ్లీ కడగండి.

గాలి గొట్టం మూతికి సన్న జల్లెడ, మ్యాన్‌హోల్‌కి కొత్త ఫుడ్‌గ్రేడ్ రబ్బరు వాషరు వేయించండి. సముద్రపు కెరటం డెక్ మీదకి కొట్టినప్పుడు ఉప్పునీరు లోపలికి దిగేది ఈ రెండు దారుల్లోనే. మూత బిగించేముందు దాని బయటి వైపు పెయింటుతో పూత పేరు, తేదీ, ఎన్ని పొరలు, ఏ ప్లేటు మార్చారు అన్నది రాయండి. వచ్చే ఏప్రిల్‌లో ఆ మూత తీసేవాళ్లు మళ్లీ సుత్తి పట్టుకుని మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.